ఓడ కదిలిన రోజు ఉతికిన దుప్పట్లు

బెరిల్ ఆడ్లింగ్ మొగుణ్ణి చంపింది. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆమె కథ ఎవరు చెప్పినా అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. ఇంగ్లండులో మా చేపల రేవు గ్రిమ్స్‌బీలో ఇప్పటికీ ఆ పేరెత్తితే "ఆ కత్తి మనిషేనా" అంటారు. కత్తి మనిషట. ఏళ్ళ తరబడి ఆమె పక్క బల్ల మీద చేపలు కోసినదాన్ని నేను. ఆమె ఇంటికి రెండిళ్ళ అవతల కాపురం చేసినదాన్ని. ఆమె గురించి మాట్లాడే హక్కు ఎవరికైనా ఉందంటే నాకుంది. వినే ఓపిక లేనివాళ్ళు లేచి వెళ్ళొచ్చు.

మనిషి పొట్టి. బల్ల అందక, ఖాళీ చేపల పెట్టె బోర్లించి దాని మీద నిలబడి కోసేది. బడి మానేసిన వారమే మా చేపల షెడ్డులో చేరింది. మంచుగడ్డల నీళ్ళలో పొద్దుట్నించీ చేతులు నానితే, సాయంత్రానికి గాని అవి మన చేతులేనని తెలియదు. అలాంటి చోట నవ్వుతూ పనిచేసిన మనిషి ఆమె ఒక్కతే. పెట్టె ఎక్కినా కనబడవేమే అని ఎవరైనా ఏడిపిస్తే, "నేను కనబడాల్సింది చేపకి, నీకు కాదు" అనేది. వెన్నుముల్లు మీదుగా కత్తి ఒక్కసారి నడిపిస్తే కండ మొత్తం ఊడి చేతిలోకి వచ్చేది. మిగిలిన ముల్లుని వెలుతురులో ఎత్తి పట్టుకుంటే అవతల నిలబడ్డ మనిషి కనబడేవాడు. మా షెడ్డు మేస్త్రి హిల్డా ప్రాట్ నోట మంచిమాట రావడమే గగనం. ఆవిడ కూడా కొత్త పిల్లల్ని తెచ్చి బెరిల్ వెనక నిలబెట్టి, చూసి నేర్చుకోండని పోయేది.

మా దగ్గర కత్తి ఎవరిది వాళ్ళదే. షెడ్డు వాళ్ళు ఇవ్వరు, ఇచ్చినా మేం తీసుకోం. నూరగా నూరగా అది మన చేతికి తగ్గట్టు అరిగి ఒక దారికి వస్తుంది. ఇంకొకరు పట్టుకున్నారంటే ఆ వాడి పోయినట్టే. అందుకని సాయంత్రం దాన్ని గుడ్డలో చుట్టి కోటు జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటాం. టీ పొయ్యి మీద పెట్టి, వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుని నూరుకుంటాం. ఆ వేళప్పుడు మా వెనక సందులో నడిస్తే మెట్టుకొక ఆడది కత్తి నూరుతూ కనబడుతుంది. కొత్తవాళ్ళు చూస్తే హడలిపోతారు. మాకది జుట్టు దువ్వుకోవడం లాంటిది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కోర్టులో ఎవరికీ గుర్తు లేదు.

మొగుడు క్లిఫ్ చేపల ఓడలో పనిచేసేవాడు. మూడు వారాలు ఐస్‌లాండు వైపు సముద్రంలో, మూడు రోజులు ఇంట్లో. మా వీధిలో మొగాళ్ళందరి బతుకూ అదే. ఆ మూడు రోజులూ వాడు రాజు. కొత్త సూటు, టాక్సీ, ఎదురుపడినవాడికల్లా తాగుడు. మూడో రోజు సాయంత్రానికి మళ్ళీ ఓడెక్కాలన్న దిగులు పట్టుకునేది, ఆ దిగులంతా బెరిల్ ఒంటి మీద దిగేది. వేసవిలో కూడా మెడకి స్కార్ఫు కట్టుకుని షెడ్డుకి వచ్చేది. మేం చూసేవాళ్ళం. చూసి, "మూడు రోజులే కదా, ఓర్చుకో" అనేవాళ్ళం. ఆ మాట మా అందరి నోళ్ళలోనూ అరిగిపోయింది. మాలో సగం మంది ఇళ్ళలో అదే భాగోతం, ఇంకేమంటాం.

ఇక్కడ ఉతుకు సంగతి చెప్పాలి. ఓడ కదిలే రోజు మా వీధుల్లో ఎవరూ బట్టలు ఉతకరు. ఉతికితే మొగుణ్ణి సముద్రంలోకి ఉతికేసినట్టే. గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపకూడదు, ఆ రోజు తీగ మీద గుడ్డ ముక్క కనబడకూడదు. పసిపిల్లల బట్టలైనా సరే బకెట్లో నానాల్సిందే. మా అమ్మ ఉతకలేదు, వాళ్ళమ్మ ఉతకలేదు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మా వీధి చివర ఒకే ఓడలో మొగుళ్ళు పోయిన ఇళ్ళు మూడున్నాయి, అక్కడికెళ్ళి నవ్వండి.

ఒక మార్చి నెలలో క్లిఫ్ ఓడ తెల్లారగానే కదిలింది. పొద్దున పది కాకముందే బెరిల్ పెరట్లో తీగ మీద దుప్పట్లు రెపరెపలాడుతున్నాయి. రెండు దుప్పట్లు, ఒక పరుపు గుడ్డ. మా పెరళ్ళన్నీ ఆ సందులోకే ఉంటాయి కాబట్టి చూడనివాళ్ళు లేరు. ఒకళ్ళని ఒకళ్ళు పిలుచుకుని మరీ చూశాం. గోడ మీద మోచేతులు ఆనించి హిల్డా అంది, "ఉతక్కూడని రోజు ఉతికింది. పోనీ ఉతికిందేమన్నా శుభ్రంగా ఉతికిందా అంటే అదీ లేదు. నడిమధ్యన ఆ మచ్చ చూడండే." అందరం పగలబడ్డాం. బెరిల్ ఆ వారం షెడ్డుకి రాలేదు. మొహం చెల్లక రాలేదనుకున్నాం. వచ్చాక ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె కూడా ఏమీ చెప్పలేదు. క్లిఫ్ తల్లి మాత్రం ఆ తర్వాత కోడలి గడప తొక్కలేదు.

మూడు వారాలకి క్లిఫ్ నిక్షేపంలా తిరిగొచ్చాడు. వాడు సముద్రానికి కూడా అక్కర్లేదని మేం జోకులేసుకున్నాం. కాని ఆ రోజు నుంచి బెరిల్‌కి ఆ వీధిలో ఒక ముద్ర పడిపోయింది. మొగుడి చావు కోరుకున్న ఆడది.

తర్వాత ఐస్‌లాండు వాళ్ళు తమ నీళ్ళలోకి రావద్దన్నారు. పెద్ద ప్రభుత్వాలు కూర్చుని సంతకాలు పెట్టుకున్నాయి, మా ఓడలు తుక్కు కింద పోయాయి, మొగాళ్ళు ఇళ్ళకొచ్చి పడ్డారు. పేపర్లలో వాళ్ళ ఫొటోలు, వాళ్ళ మీద జాలి. పని పోయిన మొగాడి బాధ ఎంతటిదో రాయని పేపరు లేదు. ఆ మొగాడు మూడొందల అరవై అయిదు రోజులూ ఇంట్లోనే ఉంటే ఆ ఇంటి ఆడదాని గతేమిటని ఒక్కడు రాశాడా? చేపలు రైళ్ళలోనూ లారీల్లోనూ ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి, మా పని మాకుంది. క్లిఫ్‌కి అది మింగుడుపడలేదు. పెళ్ళాం కత్తి నూరుకుంటుంటే ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "నూరు నూరు, ఇంటి మొగాడివి నువ్వే కదా" అనేవాడు. మూడు రోజులే కదా అన్న మా మాటకి కాలం చెల్లింది. దాని బదులు ఇంకో మాట వెతుక్కోవాలని మాలో ఎవరికీ తోచలేదు.

జరిగిందిది. శుక్రవారం సాయంత్రం. బెరిల్ మెట్టు మీద కూర్చుని కత్తి నూరుకుంటోంది. టీ ఆలస్యమైందని వాడు జుట్టు పట్టి లోపలికి లాగి, తల గోడకేసి కొట్టాడు. రెండుసార్లో మూడుసార్లో. తర్వాత వెళ్ళి బల్ల ముందు కూర్చుని, తినడానికి ఏదైనా పెట్టమన్నాడు. ఆమె లేచింది. కెటిల్‌లో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. మెట్టు మీద పడిపోయిన కత్తి తెచ్చుకుని, గుడ్డతో తుడిచింది. వాడు మళ్ళీ లేచి మీదికి వచ్చాడని ఆమె చెప్పింది, సగమే లేచాడని డాక్టర్లు చెప్పారు. ఒక్క పోటు. అంబులెన్స్ కోసం మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. కెటిల్ ఇంకా కూత పెడుతూనే ఉంది.

ఇక చట్టం సంగతి. ఆమె తరఫు లాయరు కుర్రాడు కాదు, ముసలాడు కాదు, తల మీద విగ్గు సర్దుకుంటూ కోర్టు వరండాలో మాకు రెండు నిమిషాల్లో చెప్పేశాడు. ఆవిడ చంపలేదని ఎవరూ అనడంలేదు, చచ్చినవాడు చచ్చాడు. తేలాల్సిందల్లా ఆ క్షణంలో ఆవిడ మనసులో ఏముందన్నది. చంపాలనో, గట్టి గాయం చెయ్యాలనో ఉంటే అది హత్య. హత్యకి శిక్ష ఒక్కటే, జీవితఖైదు, జడ్జీ జాలిపడ్డా దాన్ని తగ్గించలేడు. అట్లా లేకపోయినా, లేదా అవతలివాడు రెచ్చగొడితే ఆ ఊపులో ఒళ్ళు తెలియకుండా చేసినా, అది మాన్‌స్లాటర్. దానికి జడ్జీ ఎంతైనా వెయ్యొచ్చు, అసలు వెయ్యకుండా ఇంటికి పంపనూవచ్చు. బెరిల్ బతుకంతా ఆ రెండు మాటల మధ్య వేలాడుతోంది. ఇంటికా, జైలుకా.

ఒళ్ళు తెలియకుండా అంటే ఎట్లా ఉండాలో కూడా చట్టం దగ్గర లెక్క ఉంది. అప్పటికప్పుడు రావాలి కోపం. మధ్యలో చల్లారే వ్యవధి ఉండకూడదు. కెటిల్ పెట్టే వ్యవధి ఉందంటే అది కోపం కాదు, ఆలోచన. ఈ లెక్క ఎవరి ఒంటిని చూసి రాశారో చెప్పడానికి లాయరు చదువు అక్కర్లేదు. మొగాడు రెచ్చిపోతే ఎదురుగా ఉన్నదాన్ని అప్పుడే కొట్టగలడు, ఎందుకంటే ఎదురుగా ఉన్నది తనలో సగం. పెట్టె ఎక్కితే గాని బల్ల అందని మనిషి అప్పటికప్పుడు రెచ్చిపోతే ఏమవుతుంది? రెండో దెబ్బ తింటుంది, అంతే. ఆమె కోపానికి వ్యవధి కావాలి. ఆ వ్యవధి పేరు చట్టంలో హత్య.

అంతకు ముందు సంవత్సరం అదే కోర్టులో డెనిస్ వార్బీ అని ఒకడి కేసు నడిచింది. మంచు ఫ్యాక్టరీలో పనివాడు. పెళ్ళాం వేరే ఎవరితోనో వెళ్ళిపోతానందని బొగ్గుపారతో కొట్టి చంపాడు. ఎన్ని దెబ్బలో డాక్టరు లెక్క తేల్చలేకపోయాడు. అన్ని దెబ్బలు కొట్టాడంటేనే వాడికి ఒళ్ళు తెలియలేదని అర్థం కదా అన్నాడు వాడి లాయరు. జ్యూరీ తలూపింది. ఆవిడ అన్న మాటే వాణ్ణి రెచ్చగొట్టిందట. మాన్‌స్లాటర్. బెరిల్ కేసు కోర్టుకొచ్చే నాటికి వాడు శిక్షలో చాలా భాగం పూర్తి చేసుకుని, బయటికొచ్చాక ఏ ఊళ్ళో ఉద్యోగం చూసుకోవాలా అని ఉత్తరాలు రాసుకుంటున్నాడు. లెక్కలేనన్ని దెబ్బలకి మాన్‌స్లాటర్. ఒక్క పోటుకి ఏం రాబోతోందో చూడండి.

విచారణకి ముందు ఆదివారం హిల్డా మమ్మల్నందర్నీ తన వంటింట్లో కూర్చోబెట్టింది. పోలీసులు అప్పటికే వీధంతా తిరిగి, ఆవిడ ఎప్పుడైనా మొగుడికి చెడు కోరుకుందా అని అడిగి వెళ్ళారు. మాకందరికీ ఒకటే భయం. ఆ ఉతుకు. అది బయటికొచ్చిందా, బెరిల్ పని అయిపోయినట్టే. ఏళ్ళ కిందటే మొగుణ్ణి సముద్రంలో కలిపెయ్యాలని చూసిన ఆడదని జ్యూరీకి తెలిస్తే ఇంకేముంది.

"చూడండే పిల్లలూ," అంది హిల్డా. "ఎవరెన్ని అడిగినా, ఎట్టా తిప్పి అడిగినా, ఆ దుప్పట్ల మాట మన నోట రాకూడదు. ఆ రోజు వానపడింది, తీగ మీద ఏమీ లేదు. అర్థమైందా?"

అందరం అయిందన్నాం. ఆవిడ వంటింటి బల్ల మీద చేతులు పెట్టి ఒట్టేశాం. క్లిఫ్ తల్లికి కూడా ఎవరో వెళ్ళి చెప్పారు. కొడుకు చచ్చిన ముసల్ది, అయినా ఆవిడ కూడా ఒప్పుకుంది. అట్లాంటి పాపం ఏ కోడలి మీదా చెప్పనందట. అంత గట్టిగా మూశాం ఆ తలుపు. విగ్గులు పెట్టుకున్న ఆ దొరల్లో ఒక్కడికైనా ఓడ కదిలిన రోజు ఉతుకు అంటే ఏమిటో తెలుసా అని మాకు తట్టలేదు.

విచారణలో మొదట అంతా బాగానే నడిచింది. బెరిల్ బోనులో నిలబడింది. పొట్టి మనిషి కాబట్టి కళ్ళు, జుట్టు మాత్రమే కనబడుతున్నాయి. కత్తి ఎందుకు తీశావంటే, మళ్ళీ మీదికి రాకుండా ఉంటాడనుకున్నానంది. ఎట్లా దిగిందంటే, తెలియదంది. "వచ్చాడు, దిగింది. నేను పొడిచినట్టు నాకు తెలియదయ్యా. చెయ్యి జారింది." ఆ మాట అనేటప్పుడు తల దించుకుంది. పైన గ్యాలరీలో మంచి కోట్లు వేసుకుని కూర్చున్న షెడ్డు ఆడవాళ్ళం అందరం కూడా తలలు దించుకున్నాం. కోత మనిషి నోట చెయ్యి జారిందన్న మాట, అదీ బెరిల్ నోట. ప్రాసిక్యూషన్ లాయరు ఎన్ని రకాలుగా తిప్పినా ఆమె అక్కడే నిలబడింది. జ్యూరీలో ఒకావిడ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

తర్వాత హిల్డా వంతు. బెరిల్ మంచి మనిషని, ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తుందని చెప్పడానికి మన లాయరే పిలిచాడు. అప్పటిదాకా ఆవిడ బయట వరండాలో కూర్చుని ఉంది, లోపల ఏం జరిగిందో తెలియదు. సాక్షులతో మాట్లాడకూడదని ఎవరో చెప్పారు గాని, మధ్యాహ్నం శాండ్‌విచ్‌లు తింటూ మనవాళ్ళు చెప్పనే చెప్పారు. చెయ్యి జారిందని అందట హిల్డక్కా, పాపం అందరి ముందూ. హిల్డా తింటున్నది కాగితంలో చుట్టేసింది. ఆ మాట ఆ విగ్గువాడే నేర్పించుంటాడంది. ఇరవై ఏళ్ళ పనితనాన్ని బజార్లో పడేశాడంది.

లోపలికెళ్ళి బైబిలు మీద చెయ్యి పెట్టింది. ఆవిడ ఎట్లాంటి మనిషమ్మా అని అడిగాడు మన లాయరు. నెమ్మదైన మనిషి అంటుందనుకున్నాడు పాపం.

"మా షెడ్డులో దానంత చెయ్యి ఇంతవరకూ రాలేదండీ," అంది హిల్డా. "చెయ్యి జారిందని అందంట, అది నిజం కాదు. ఎవరో అనిపించారు. దాని చెయ్యి జారడం నేను చూడలేదు, ఎవరూ చూడలేదు. అది పంపని చోటికి దాని కత్తి ఒక్కనాడూ వెళ్ళలేదు."

మన లాయరు గబుక్కున అడ్డొచ్చాడు. చాలమ్మా, కూర్చోండి అన్నాడు. ప్రాసిక్యూషన్ లాయరు లేచాడు. ఎంత మర్యాదగా లేచాడో. ఒక్కనాడూ వెళ్ళలేదా అమ్మా అని మెల్లగా అడిగాడు. ఒక్కనాడూ వెళ్ళలేదంది. చీకట్లోనైనా, అలసటలోనైనా? ఎప్పుడైనా సరే అంది. చూడకుండా కూడా సరిగ్గా ఎముక పక్కనే దించగలదా? కళ్ళు మూసుకుని దించగలదంది హిల్డా, ఛాతీ విరుచుకుని. ఇంటికి తెచ్చుకుని రోజూ నూరేదా అంటే, రోజూ అంది, ఒక్క రోజు మానదు అంది. ఆయన థాంక్స్ చెప్పి కూర్చున్నాడు.

అన్నిటికంటే పాడు సంగతి ఇంకా ఉంది. బోనులో బెరిల్ తలెత్తింది. విచారణ జరిగిన ఆ మూడు రోజుల్లో మొదటిసారి తల పూర్తిగా ఎత్తి, హిల్డా వైపు చూసి నవ్వింది. మేస్త్రి నోట జన్మలో రాని మెప్పు, అందరి ముందూ వచ్చింది. ఆ నవ్వు ఏమిటో గ్యాలరీలో ఉన్న ప్రతి ఆడదానికీ తెలుసు. జ్యూరీకి తెలియదు. కళ్ళు తుడుచుకున్న ఆవిడ ఆ నవ్వు చూసి, చేతిరుమాలు సంచిలో పెట్టేసుకుంది.

చివర్లో ప్రాసిక్యూషన్ లాయరు పెద్దగా ఏమీ చెప్పలేదు. పొడిచింది ఒక్కసారే అని గుర్తు చేశాడు. ఆ చేతికి ఒక్కసారే చాలునని ఆవిడ స్నేహితురాలే చెప్పిందన్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి జ్యూరీ తిరిగొచ్చింది. హత్య. జడ్జీ కళ్ళజోడు సర్దుకుని జీవితఖైదు అని చదివాడు. పాపం చట్టం ఆయన చేతులు కట్టేసిందట. చేతులు కట్టేస్తే ఎట్లా ఉంటుందో ఆ బోనులో ఉన్న మనిషిని అడగాల్సింది.

తీర్పయ్యాక అందరం తిరుగు బస్సెక్కాం. కిటికీ అవతల చదును పొలాలు, వాన. హిల్డాకి తను ఏం చేసిందో అర్థమయిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఊరు దగ్గర పడుతుండగా గట్టిగా ఊపిరి పీల్చి అంది, "పోనీలే. ఆ ఉతుకు మాట మాత్రం మనలో ఎవరూ బయటపెట్టలేదు."

అందరూ తలూపారు. ఎవరో, ఆ మాత్రమన్నా చేశాం దానికి అన్నారు. నాకు ఆ బస్సులోంచి దూకెయ్యాలనిపించింది. అయినా నేనూ తలూపాను.

పదేళ్ళు దాటాక ఆమెను బయటికి వదిలారు. వదిలారంటే వదల్లేదు. జీవితఖైదు అంటే చచ్చేదాకా దాని తాడు ఒకటి మెడలో ఉంటుంది, ఇల్లు మారాలన్నా అడిగి మారాలి. హిల్డా అప్పటికి పోయింది. మా షెడ్డు మూసేశారు. రేవు నీళ్ళలో ఓడలు లేవు, పక్షులున్నాయి. ఊరి చివర మూడో అంతస్తులో ఒక గది ఇచ్చారు బెరిల్‌కి. వెళ్ళి కూర్చున్నాను. టీ పెట్టింది. ఫ్రీజర్‌లోంచి రొట్టెపొడి అద్దిన రెడీమేడ్ చేపముక్కలు తీసి వేయించి పెట్టింది. ఇంట్లో వెన్న రాసుకునే మొద్దు చాకు తప్ప కత్తి లేదు. చేతుల చర్మం మెత్తబడిపోయి ఎవరివో చేతుల్లా ఉన్నాయి.

ఆమె మనసు తేలికపడుతుందని, వంటింటి ఒట్టు సంగతి చెప్పాను. మనవాళ్ళు ఇంకేం చెయ్యలేకపోయినా, నువ్వు ఆ రోజు బట్టలుతికిన సంగతి మాత్రం ప్రాణం పోయినా చెప్పలేదే అన్నాను. మీ అత్త కూడా చెప్పలేదన్నాను.

బెరిల్ కప్పు కింద పెట్టింది.

"ఎందుకు ఉతికానో తెలుసా నోరీన్?"

తెలియదన్నాను.

"నాలుగో నెల నాకప్పుడు. తెల్లారి ఓడెక్కబోతూ కడుపులో తన్నాడు, బూటు వేసుకున్నాక. వాడు అటు పోయాడు, నాకు ఇటు పోయింది. ఆ దుప్పట్లలో పడుకుని మూడు వారాలు వాడి కోసం ఎదురుచూడమంటావా?"

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఇది కోర్టులో ఎందుకు చెప్పలేదే అని అరిచినంత పని చేశాను. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఏళ్ళ తరబడి ఏం పడ్డావో జ్యూరీకి తెలిసేది కదే, కెటిల్ పెట్టిన నిమిషం కాదు, అన్నేళ్ళూ చూసేవాళ్ళు కదే అన్నాను. ఇంట్లో ఉండేదానివి కదే అన్నాను.

"ఎట్టా చెప్పనే? చెప్పాలంటే ఓడ కదిలిన రోజు ఉతికానని ముందు ఒప్పుకోవాలి కదా. మీరంతా ఎదురుగా కూర్చునుంటిరి."

లేచి కప్పులు తీసింది. కుళాయి కింద పెట్టి, చాలాసేపు రుద్దింది. నా వైపు చూడకుండానే అంది, "చల్లనీళ్ళలో ఎంత రుద్దినా మచ్చ పోలేదే. తీగ మీద అట్టాగే ఉంది, నడిమధ్యన. పొద్దంతా ఉంది. మీకెవరికీ కనబళ్ళేదా?"

కనబడింది. అందరం చూశాం. గోడల మీద మోచేతులు ఆనించి, ఒకళ్ళని ఒకళ్ళు పిలుచుకుని చూసి, నవ్వుకున్నాం.